పొడవు మాటకు ప్రాస ఎక్కడ వెతకాలి?

సంక్షిప్తంగా: తెలుగులో పొడవైన మాటకు పాదం చివర ప్రాస దొరకడం కష్టమేమీ కాదు. అతి సులభంగా దొరుకుతుంది కాబట్టే అది చప్పగా వినిపిస్తుంది. మాట పొడవులో ఎక్కువ భాగం ప్రత్యయాలదే. వాటిని వాటితోనే జత చేస్తే చెవికి కొత్తగా ఏమీ అందదు. అసలు ధాతువు మాట మొదట్లో ఉంటుంది. మన ఛందస్సు రెండో అక్షరానికి ప్రాస పెట్టడంలోని ఉపయోగం అక్కడే కనబడుతుంది. మాత్రల లెక్క, సంధి, మాటను విరవడం తెలిస్తే ఇంద్రకీలాద్రికీ విశ్వవిద్యాలయానికీ కూడా జోడీ కుదురుతుంది.

దసరా నవరాత్రులు దగ్గరపడితే విజయవాడలో అమ్మవారి మీద కొత్త పాటలు పుట్టుకొస్తాయి. ఎన్నికలు వస్తే అభ్యర్థుల మీద, నియోజకవర్గాల మీద పాటలు వస్తాయి. గుంటూరులో మిరప మీద, రైతు మీద, ఊరి మీద రాసేవారికి కొదవ లేదు. బాణీ ఫోనులోనే తయారవుతోంది, రికార్డింగు చిన్న గదిలోనే అయిపోతోంది. పని ఆగిపోయేది మాత్రం సాధారణంగా ఒకే చోట: పల్లవిలో ఆరేడు అక్షరాల మాట వచ్చి కూర్చుంటుంది, దానికి జోడీ దొరకదు. దొరికినా అతికించినట్టుంటుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ముందు ‘ప్రాస’ అనే మాట దగ్గరే ఒక చిక్కు విప్పుకోవాలి.

ఒకే పేరు, రెండు పనులు

బడిలో తెలుగు వాచకం చెప్పే ప్రాస వేరు, పాటల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం అనే ప్రాస వేరు. ఛందస్సులో ప్రాస అంటే పాదంలోని రెండో అక్షరం. అన్ని పాదాల్లోనూ ఆ స్థానంలో ఒకే హల్లు రావాలి. దాని మీది అచ్చు మారవచ్చు. మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే అన్నింటిలోనూ గురువే, లఘువైతే అన్నింటిలోనూ లఘువే (హ్రస్వం పలికేంత కాలం ఒక మాత్ర; ఒక మాత్ర అక్షరం లఘువు, రెండు మాత్రలది గురువు). రెండో అక్షరానికి ముందు సున్న ఉంటే అన్ని పాదాల్లోనూ సున్న ఉండాలి. ద్విత్వానికి ద్విత్వం, సంయుక్తానికి అదే సంయుక్తం. కందంలో నాలుగు పాదాలకూ, ద్విపదలో రెండు పాదాలకూ ఇది తప్పనిసరి. ఆటవెలదికీ, తేటగీతికీ, సీసానికీ ఈ నియమం లేదు.

పాటల విషయంలో ‘ప్రాస కుదిరింది’ అంటే మనసులో ఉండేది అంత్యప్రాస, అంటే పాదం చివరి అక్షరాల మోత. ఇది కూడా మనకు కొత్తేమీ కాదు. రగడ అనే ఛందోరీతిలో ఆది ప్రాసతో పాటు అంత్యప్రాస కూడా పాటిస్తారు. జానపదాల్లో, భజనల్లో అది ఎప్పటినుంచో ఉంది. అయితే ఈ రెండూ చేసే పనులు వేరు. మొదటిది మాట తలను పట్టుకుంటుంది, రెండోది తోకను. పొడవు మాట దగ్గర ఈ తేడాయే అన్నింటినీ నిర్ణయిస్తుంది.

తెలుగు మాట ఎటువైపు పెరుగుతుంది

తెలుగు క్రియ కుడివైపుకు పెరుగుతుంది. ముందు ధాతువు, తరవాత ప్రేరణ, తరవాత సహాయ క్రియలు, కాలం, చివరికి ఎవరు చేశారో చెప్పే ప్రత్యయం. ‘చదివించుకోలేకపోతున్నారు’ అనే మాట చూడండి. పదకొండు అక్షరాలు, పదిహేడు మాత్రలు. ఇందులో చదువు సంగతి చెప్పేది మొదటి రెండు అక్షరాలే. మిగతా తొమ్మిదీ ఎవరు, ఎప్పుడు, ఎందువల్ల కుదరక అనే సంగతులు చెప్పే తోక.

ఆ తోక తెలుగులోని వేల క్రియలకు సమానం. ‘నిలబడలేకపోతున్నారు’, ‘చెప్పుకోలేకపోతున్నారు’, ‘అమ్ముకోలేకపోతున్నారు’ అంటూ ఎన్నయినా చెప్పుకుపోవచ్చు. అన్నీ చివర కలుస్తాయి. కలుస్తాయని వినేవాడికి ముందే తెలుసు. ప్రాస ఆనందం ఎదురుచూపు నుంచి వస్తుంది. ఫలానా మోత వస్తుందని చెవి కాచుకుని ఉండాలి, అది వేరే అర్థమున్న మాటలో రావాలి. వ్యాకరణం తప్పనిసరిగా తెచ్చిపెట్టే మోతలో ఆ ఎదురుచూపు ఉండదు. నామవాచకాల్లోనూ ఇంతే. ‘లు’, ‘లో’, ‘తో’, ‘కు’ చేర్చగానే ఏ మాటయినా ఏ మాటతోనైనా కలిసిపోతుంది. పైగా తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర హల్లులు ఢీకొనే ఇబ్బంది కూడా లేదు.

ఊళ్ల పేర్లకూ ఇదే లెక్క. విజయవాడకు గుడివాడను, ఉయ్యూరుకు పొన్నూరును జత చేస్తే అక్కడ జరిగింది ప్రాస కాదు, పునరుక్తి. ‘వాడ’ వచ్చి ‘వాడ’నే, ‘ఊరు’ వచ్చి ‘ఊరు’నే తాకింది. విద్యాలయం, గ్రంథాలయం, దేవాలయం, కార్యాలయం వరసగా పేర్చినా అంతే, నాలుగుసార్లు ‘ఆలయం’ అన్నట్టు.

ఇంగ్లీషు పాటల పద్ధతి చూసి నేర్చుకునేవారు ఇక్కడ ఇంకో పొరపాటు పడతారు. ఇంగ్లీషులో మాటలో ఏదో ఒక చోట ఊనిక (ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం) ఉంటుంది. చివరి ఊనిక పడిన అచ్చు నుంచి మాట చివరిదాకా కలిస్తేనే వారికి ప్రాస. ఊనిక మాటకు బాగా ముందు పడితే మూడేసి అక్షరాలు కలవాలి. అందుకే వారికి పొడవు మాట నిజంగా గడ్డు సమస్య. తెలుగులో ఊనిక అర్థాన్ని మార్చదు, అక్షరాల హ్రస్వ దీర్ఘాలే మారుస్తాయి. ఇంగ్లీషు ప్రాస సూత్రం తెచ్చి ఇక్కడ వేస్తే కొలతలే సరిపోవు. మనకు దగ్గరగా ఉన్నది తమిళం. అక్కడ రెండో అక్షరం కలయికను ఎదుగై అంటారు, మొదటి అక్షరం కలయిక మోనై. కన్నడ సంప్రదాయ పద్యంలోనూ రెండో అక్షరానికే ప్రాస. ఈ భాషలన్నింటిలోనూ ధాతువు ముందు, ప్రత్యయాలు వెనక. ప్రాస స్థానం కూడా ముందే ఉండటం యాదృచ్ఛికంగా కనిపించదు.

తోకను రదీఫ్‌గా చూడటం

మరి పాదం చివర క్రియ వస్తే వదిలేయాలా? అవసరం లేదు. ఉర్దూ గజల్లో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. షేర్ (గజల్లోని రెండు పాదాల చరణం) చివర మారకుండా తిరిగి తిరిగి వచ్చే మాట రదీఫ్. దానికి సరిగ్గా ముందు మారుతూ ప్రాస కలిపేది ఖాఫియా. రదీఫ్ ప్రాస కాదని గజల్ రాసేవారికి తెలుసు. ప్రాస భారం ఖాఫియా మీదే ఉంటుంది.

తెలుగు క్రియకు ఈ ఏర్పాటు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ‘తున్నాను’ను రదీఫ్ అనుకుంటే దాని ముందు ఖాఫియా వెతకాలి: కరుగుతున్నాను, తిరుగుతున్నాను, పెరుగుతున్నాను, ఒరుగుతున్నాను. ఇక్కడ ‘రుగు’ కలుస్తోంది, అదీ ధాతువులో. అర్థాలు నాలుగు దిక్కులా ఉన్నాయి. చెవికి ఒక మెరుపు, తరవాత తెలిసిన తోక, ఆ తోక మీద విశ్రాంతి. అదే ‘కరుగుతున్నాను’ పక్కన ‘నడుస్తున్నాను’ వేస్తే తోక మాత్రమే మిగులుతుంది.

ఇందాకటి పదకొండు అక్షరాల మాటకు కూడా ఈ దారిలోనే జోడీ దొరుకుతుంది. ‘కొడుకును చదివించుకోలేకపోతున్నారు, అప్పును వదిలించుకోలేకపోతున్నారు.’ పదకొండు అక్షరాల్లో తొమ్మిది కలిశాయి, మాత్రలు పదిహేడుకు పదిహేడూ సరిపోయాయి. ప్రత్యయాలను తీసేసి చూస్తే నిజంగా ప్రాస పని చేసింది ఒకే అక్షరం, చదువులోని ‘ద’తో వదులులోని ‘ద’ కలవడం. అది ఉన్న చోటు మాటలో రెండో అక్షరం. ఛందస్సు పెట్టిన చోటే.

బుర్రకథలో ఇదే సూత్రం వేరే రూపంలో కనిపిస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఎంతో పేరు తెచ్చిన ఆ కళలో కథకుడు పాదం ముగించగానే వంతలు (పక్క పాటగాళ్లు) ‘తందాన తాన’ అందుకుంటారు. పాదాల చివర క్రియలు ఎలా ఉన్నా ఆ వంత పాట అన్నింటికీ ఒకే ముగింపు ఇస్తుంది. చివర మోత పని వంత చూసుకుంటుంది కాబట్టి కథకుడు పాదం లోపల స్వేచ్ఛగా ఉంటాడు.

గుంటూరు మాట తలలో ఏముంది

పొడవు మాటను పాదం మొదటికి తేవడం రెండో దారి. తెలుగు వాక్యంలో పదాల క్రమం గట్టిగా బిగుసుకుని ఉండదు, పాటలో మరీనూ. మాట ముందుకు రాగానే దాని తోక ఏమిటన్న ప్రశ్న పోతుంది. రెండో అక్షరం ఒక్కటి చూసుకుంటే చాలు.

గుంటూరు అనే పేరు తీసుకుంటే ప్రాస స్థానంలో సున్నతో కూడిన ‘ట’ ఉంది. దానికి పలికే తెలుగు మాటలు ఇల్లు నిండా ఉన్నాయి: పంట, మంట, జంట, గంట, వెంట, ఇంట, ఒంటరి. పంటా మంటా రెండూ మిరపవే కావడం ఆ ఊరి అదృష్టం. ధ్వని వెతుక్కుంటూ వెళితే అర్థం ఎదురొచ్చింది. ఉదాహరణకు ఇలా కట్టవచ్చు:

గుంటూరు దారిలో ఎర్రగా రాశులు
పంటకే పండుగై మెరిసేటి ఆశలు

పాదానికి నాలుగు గణాలు, ఒక్కోటి అయిదు మాత్రలు: గుంటూరు, దారిలో, ఎర్రగా, రాశులు. చివరి గణంలో నాలుగే ఉన్నాయి, ఆ ఒక్క మాత్రను పాడేవారు సాగదీసుకుంటారు. ముందు ‘ంట’ ప్రాస, చివర రాశులు, ఆశలు. యతిని (పాదం మధ్యలో మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రిని) పక్కన పెడితే ఇది ద్విరదగతి రగడ నడక. పొడవు మాట ముందు నిలిచింది, చివర చిన్న మాటలు మిగిలాయి, వాటికి అంత్యప్రాస తేలిగ్గా పట్టింది. భారాన్ని ఇలా పంచడమే పాట కట్టడంలో సగం పని.

అదే గుంటూరును చివర పెట్టాలనుకున్నా దారి మూసుకుపోలేదు. అంటారు, వింటారు, ఉంటారు. మూడూ గురువు, గురువు, లఘువు. రెండో అక్షరం కలిసింది, చివరి అక్షరం కలిసింది, కొలత కలిసింది. ‘ఊరు’ చివర ఉన్న మరో పేరు కన్నా ‘అంటారు’ మంచి జోడీ. ఒకటి ఊరి పేరు, ఇంకోటి క్రియ. ఎక్కడినుంచో వచ్చి కలిశాయి కాబట్టే చెవికి ఇంపు.

కొలత ముందు, మోత తరవాత

బాణీ ముందు వచ్చి మాట తరవాత వచ్చే పద్ధతిలో రాసేవారు ‘తననన’ లెక్క పట్టుకుని కూర్చుంటారు. అక్కడ మోత కలిసినా కొలత తప్పితే ఆ మాట పనికిరాదు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. సున్న ఉన్నా, తరవాతి అక్షరం సంయుక్తమో ద్విత్వమో అయినా రెండే. ఈ లెక్క వేసుకుంటే ఊళ్ల పేర్లు ఆశ్చర్యం కలిగిస్తాయి.

విజయవాడ, అమరావతి, మంగళగిరి మూడింటికీ ఆరేసి మాత్రలు. కానీ నడక ఒకటి కాదు. విజయవాడ ‘విజయ–వాడ’ అని మూడు, మూడుగా విరుగుతుంది, తిశ్ర గతిలో (మూడేసి మాత్రల నడకలో) చక్కగా కూర్చుంటుంది. అమరావతి ‘అమరా–వతి’, మంగళగిరి ‘మంగళ–గిరి’. రెండూ నాలుగు, రెండుగా విరుగుతాయి, చతురశ్రంలో (నాలుగేసి మాత్రల నడకలో) ఒదుగుతాయి. అమరావతిని తిశ్రంలో పాడితే ‘రా’ సగం ఒక దెబ్బకీ సగం ఇంకో దెబ్బకీ పోతుంది. విజయవాడను చతురశ్రంలో పెడితే ‘వా’కు అదే గతి. గాయకుడు సర్దుకుంటాడు, కానీ మాట నలుగుతుంది. ఆరు మాత్రలు ఉన్నాయి కదా అని ఒకదాని బదులు ఇంకోటి వేసినప్పుడు పాట ఎక్కడో కుంటడానికి కారణం ఇది.

బెజవాడ అనగానే లెక్క అయిదుకు తగ్గుతుంది. గుంటూరు కూడా అయిదే. ‘గుం’ అనే గురువు ఉన్న చోట ‘బెజ’ అనే రెండు లఘువులు, అంతే తేడా. అయిదేసి మాత్రల ఖండ గతిలో ‘గుంటూరు బెజవాడ’ అని పక్కపక్కనే పెడితే రెండు గణాలు అచ్చంగా సరిపోతాయి. ఒక ఊరికి రెండు పేర్లు ఉండటం పాట రాసేవాడికి రెండు కొలతలు చేతిలో ఉన్నట్టు. గుంటూరులోని బ్రాడీపేటకు ఏడు మాత్రలు, అది ఏడేసి మాత్రల మిశ్ర గతి మాట. విశ్వవిద్యాలయానికి పది, ‘విశ్వవి–ద్యాలయం’ అని అయిదు, అయిదుగా. చూడటానికి కొండలా కనిపించే ఆ మాట నిజానికి రెండు ఖండ గణాలు, రెండింటికీ గురువు, లఘువు, గురువు అనే ఒకే రూపం.

పొడవు మాట అసలు ఖర్చు కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇరవై మాత్రల పాదంలో విశ్వవిద్యాలయం సగం స్థలం తీసుకుంటుంది. మిగిలిన పదిలో అర్థం చెప్పాలి, ప్రాస కలపాలి. ప్రాస దొరకలేదని అనుకునే చాలా సందర్భాల్లో నిజంగా దొరకనిది స్థలం.

విరిచి, కలిపి

ఒక పొడవు మాటకు ఇంకో పొడవు మాటే జోడీ కావాలనే నియమం ఎక్కడా లేదు. రెండు చిన్న మాటలు కలిసి ఒక పెద్ద మాట రూపం ధరించవచ్చు. అన్నింటికన్నా సంతృప్తినిచ్చే దారి ఇదే. ఒకే అక్షరాల గుంపు వేరు వేరు అర్థాల్లో తిరిగి రావడాన్ని ఆలంకారికులు యమకం అన్నారు. ఇది దానికి దూరపు చుట్టం.

ఇంద్రకీలాద్రికి ఎనిమిది మాత్రలు. ప్రాస స్థానంలో ‘ంద్ర’. చంద్ర, సాంద్ర, మంద్ర అనే మాటలు వెంటనే తోస్తాయి. ‘చంద్రహారాలు’ కొలతలో అక్షరానికి అక్షరం సరిపోతుంది, చివర మాత్రం కలవదు. ‘చంద్రకళ రాత్రి’ అని చూడండి. ‘కీ’ అనే గురువు చోట ‘కళ’ అనే రెండు లఘువులు వచ్చాయి, లెక్క ఎనిమిదే. ముందు ‘ంద్ర’ కలిసింది. చివర ‘ఆద్రి’కి ‘ఆత్రి’ పలికింది. త, ద ఒకే వర్గం కాబట్టి పాటలో చెవి అభ్యంతరం చెప్పదు. ఒక కొండ పేరుకు రెండు మాటల జోడీ దొరికింది, పైగా అది నవరాత్రి దృశ్యం.

కనకదుర్గమ్మకు కూడా ఎనిమిది మాత్రలే. ‘మనసు నీదమ్మ’ అంటే అక్షరానికి అక్షరం అదే కొలత, రెండో అక్షరం ‘న’ కలిసింది. నీది, అమ్మ అనే రెండు మాటలను సంధి ఒక్కటి చేయడం వల్లే ఇది కుదిరింది. చివరి ‘అమ్మ’ రెండు చోట్లా ఒకటే కాబట్టి అది రదీఫ్ పని చేస్తోంది. అసలు ప్రాస ముందు ఉన్న ‘న’ది.

ప్రకాశం బారేజీలోని ‘బారేజీ’ మూడు గురువుల మాట, పరభాష నుంచి వచ్చింది కూడా. ‘ఏ రాజీ’ దానికి సరైన జత. మూడు గురువులు, మధ్యలో ‘ర’, చివర ‘జీ’. ‘ఏ రాజీ లేని’ అంటూ ముందుకు సాగవచ్చు. విద్యాలయానికి ‘పద్యాల యతి’, ‘వాద్యాల లయ’ రెండూ ఏడేసి మాత్రలతో సరిపోతాయి. మొదటిదానిలో ద్యా, ల, య వరసగా మూడక్షరాలు కలుస్తాయి. ముగింపు కొద్దిగా వేరైనా ‘గ్రంథాలయం’ కన్నా ఇవి వినడానికి ఎంతో తాజాగా ఉంటాయి.

ఇక విజయవాడ. అంత్యాక్షరం చాలనుకుంటే ‘నిలువనీడ’ ఉంది, కొలత ఒకటే. ఆది ప్రాస కూడా కావాలంటే ‘ప్రజల జాడ’: రెండో అక్షరం ‘జ’, చివర ‘ఆడ’, మూడు లఘువులు, గురువు, లఘువు. హల్లులు ఒక్కటీ కలవకుండా అచ్చులు మాత్రమే కలపాలంటే ‘కిరణమాల’. ఇ, అ, అ, ఆ, అ అనే వరస విజయవాడలోనూ అదే, కిరణమాలలోనూ అదే. కాగితం మీద ఇది ప్రాస అనిపించదు. పాడినప్పుడు గాయకుడు సాగదీసేది అచ్చునే కాబట్టి గట్టిగానే వినిపిస్తుంది. ధ్వని పరంగా వీటిలో బలమైనది ‘ప్రజల జాడ’. అయినా పొట్ట చేత పట్టుకుని వచ్చినవారి పాటయితే ‘నిలువనీడ’నే ఎంచుకోవాలి. చివరి ‘డ’ ఒక్కటే కలిసినా ఆ మాట పాటకు కావలసిన బరువును మోస్తుంది.

పరభాషా పదాలు, రేడియో చెవి

కంప్యూటర్, స్టేషన్, రిజిస్ట్రేషన్ లాంటి మాటలు హల్లుతో ముగుస్తాయి. చివర ఉకారం చేర్చి కంప్యూటరు, స్టేషను అనుకుంటే తెలుగు మాటల గుంపులో కలుస్తాయి. చేర్చకపోతే వాటిలో వాటికే జోడీలు: స్టేషన్, రేషన్, ఆపరేషన్. ఇవి వెంటనే దొరుకుతాయి, వెంటనే అరిగిపోతాయి. కంప్యూటరును పాదం మొదట పెడితే ‘ంప్య’కు సరైన ప్రాస తెలుగులో దాదాపు లేదు. పద్యంలో అయితే అది దోషం. పాటలో ‘ంప’ చాలు, సంపద, ఇంపు, పంపు సరిపోతాయి. నియోజకవర్గం వేరే రకం. ‘ర్గం’ కోసం స్వర్గం, మార్గం, దుర్గం అంటూ సంస్కృత పదాలు క్యూ కడతాయి. అందరికీ మొదట తోచేవి అవే కాబట్టి నాలుగోసారి విన్నప్పుడు ఎవరికీ గుర్తుండవు.

ఎంత గట్టి ప్రాస కావాలన్నది వినే పద్ధతి మీద కూడా ఆధారపడి ఉంటుంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడినుంచి వచ్చిన లలిత గీతాలను వినేవారి ముందు బొమ్మ లేదు, అక్షరం లేదు. ఒకసారి చెవిన పడిన మాట నిలవాలంటే ధ్వని సాయం కావాలి. ఇప్పుడు పాటతో పాటే తెర మీద అక్షరాలూ కదులుతున్నాయి. కంటికి ఒకేలా కనిపించే చివరి అక్షరం చెవికి కూడా సరిపోతుందని అనుకోవడం దాని వల్ల పెరిగింది. రాసింది కళ్లు మూసుకుని ఒకసారి వింటే ఆ తేడా బయటపడుతుంది.

కంప్యూటర్ ఎక్కడ తడబడుతుంది

నిఘంటువు మొదటి అక్షరం వరసలో ఉంటుంది, ప్రాస వెతికేవారికి చివరి వరస కావాలి. మాటలను తిరగేసి వరస పేర్చమని కంప్యూటర్‌కు చెబితే పని అయిపోవాలి. తెలుగు దగ్గర అది అంత తేలిగ్గా జరగదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో ఒక్కో స్థానం ఒక్కో అక్షరం కాదు. మనకు ఒకే అక్షరంగా కనిపించే ‘న్నా’ లోపల నాలుగు ముక్కలుగా ఉంటుంది: న, పొల్లు గుర్తు, మళ్లీ న, ఆకారపు గుర్తు. అక్షరాన్ని గుర్తించకుండా ముక్కలను తిరగేస్తే ఆకారం ముందుకు వచ్చి మాట చెదిరిపోతుంది. ముందు అక్షరాలుగా విడగొట్టి ఆ తరవాత తిరగేసే ప్రోగ్రాం అయితేనే సరైన జాబితా ఇస్తుంది.

అలాంటి జాబితా దొరికినా అందులో ముందు వరసలో నిండి ఉండేవి ప్రత్యయాలే. ‘తున్నారు’తో ముగిసే వేల మాటలు ఒకే చోట కనిపిస్తాయి. యంత్రం చివర కలిసిందా లేదా అని చూస్తుంది, ప్రత్యయం కలిసిందో ధాతువు కలిసిందో చూడదు. అందుకే క్రియలు వెతికేటప్పుడు ప్రత్యయం తీసేసి ధాతువుతో వెతకడం మేలు: కరుగు, తిరుగు, పెరుగు అని. మాత్రల సంఖ్య కూడా పక్కన రాసుకుంటే జాబితా ఒక్కసారిగా చిక్కిపోయి పనికొచ్చే నాలుగైదు మాటలు మిగులుతాయి.

ప్రాస కోసం మాట పోగొట్టుకోకుండా

మోత కోసం మాటను సాగదీయడం, కుదించడం పాటలో మామూలే. తెలుగులో దానికి ఒక హద్దు ఉంది. ‘కల’ను సాగదీస్తే ‘కాల’ అవుతుంది, ‘పలు’ సాగితే ‘పాలు’. హ్రస్వ దీర్ఘాలు మారితే అర్థమే మారుతుంది. చివరి అక్షరాన్ని సాగదీయడం వల్ల ప్రమాదం తక్కువ, మధ్యలో సాగదీస్తేనే చిక్కు. పొడవు మాటలో మధ్య అక్షరాలే ఎక్కువ కాబట్టి అక్కడ జాగ్రత్త అవసరం.

పొడవు మాటను తప్పనిసరిగా చివరే వాడాల్సి వచ్చి, జోడీ కుదరకపోతే ఇంకో రెండు మర్యాదైన దారులు మిగులుతాయి. ఒకటి ముక్తపదగ్రస్తం: ఒక పాదం ఏ మాటతో ముగిసిందో తరవాతి పాదం అదే మాటతో మొదలవుతుంది. ప్రాస వెతకాల్సిన పని ఉండదు, మాట రెండుసార్లు వినబడి గుర్తుండిపోతుంది. క్షేత్రం పేరో మనిషి పేరో అయితే ఇది బాగా నప్పుతుంది.

రెండోది ఆ పాదాన్ని ప్రాస లేకుండా వదిలేయడం. రుబాయీలో ఒకటి, రెండు, నాలుగు పాదాలు కలుస్తాయి, మూడోది కలవదు. వినేవారికి అది లోటుగా అనిపించదు. నాలుగో పాదంలో మోత తిరిగి వచ్చేసరికి మరింత గట్టిగా తగులుతుంది. నాలుగు పాదాల చరణంలో మూడో పాదం అందుకే పొడవు మాటకు సురక్షితమైన చోటు. మిరప రైతు పాటలో రాశులు, ఆశలు అని రెండు పాదాలు కలిశాక, మూడో పాదంలో ‘చదివించుకోలేకపోతున్నారు’ అన్న పదకొండు అక్షరాల మాట జోడీ లేకుండా ఒంటరిగా నిలబడవచ్చు. ఆ తండ్రి ఉన్న స్థితి కూడా అదే.